మధ్య కుర్చీ

సెప్టెంబర్ 2, మంగళవారం

నా గదిని రిపేరు షాపు అనుకుంటున్నారు జనం. మిక్సీ ఇచ్చినట్టు పిల్లని ఇచ్చి, సాయంత్రానికి బాగుచేసి పెట్టమంటారు.

ఇవాళ నందిగామ క్లినిక్‌కి జగన్నాథరావుగారని ఒకాయన వచ్చాడు. మిరప వేసే ఆసామి. వెంట మనవరాలు సంయుక్త. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. జూలై నుంచి ఒక్క మాట మాట్లాడలేదట. ఇంట్లో లేదు, బళ్ళో లేదు. విజయవాడ తీసుకెళ్ళి చెవులు చూపించారు, గొంతు చూపించారు, స్కానింగ్ తీయించారు. అన్నీ నార్మల్. పిల్లని నా దగ్గర వదిలేసి ఎరువుల కొట్టుకి వెళ్ళొస్తానన్నాడు. కుదరదన్నాను. ఇంట్లో వాళ్ళందరూ వస్తేనే మొదలుపెడతానన్నాను. జబ్బు పిల్లకైతే మేమెందుకండీ అన్నాడు. దసరా సెలవుల్లోగా నోరు తెరవకపోతే మైలవరంలో హాస్టల్లో వేసేస్తాడట. నలుగురిలో పడితే అదే మాట్లాడుతుందట.

ఒళ్ళు మండిపోయింది. పక్కనే పిల్ల వింటోంది. దాని చెవులు బానే ఉన్నాయని రిపోర్టు తెచ్చింది ఈయనే కదా!

సెప్టెంబర్ 5, శుక్రవారం

వచ్చారు. నలుగురూ.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేను చెప్పను. అదే నా మొదటి పరీక్ష. తండ్రి కిషోర్‌బాబు కిటికీ వైపు చివర, ఆయన పక్కన పెద్దాయన. తల్లి ఆమని తలుపు దగ్గర చివర. సంయుక్త ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చుంది. రోజూ డ్యూటీకి వచ్చే మనిషి తన సీట్లో కూర్చున్నట్టు.

మీరిద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడు మాట్లాడుకున్నారని భార్యాభర్తల్ని అడిగాను. ఇవన్నీ ప్రతి ఇంట్లో ఉండేవేనని పెద్దాయన అడ్డం వచ్చాడు. ఆమని మెల్లిగా చెప్పింది, పోయినేడు ఫిబ్రవరి అని. వాళ్ళమ్మ పోయింది. పెద్దకర్మకి కిషోర్‌బాబు రాలేదు. మిరపకోతకి కూలీలు దిగారని మావయ్యగారు ఆపారట, ఈయన ఆగిపోయారట. అంతే. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి మాటా పిల్ల మీదుగానే. నాన్నని అన్నానికి రమ్మను. మోటారు ఆపమని అమ్మకి చెప్పు. షర్టు ఇస్త్రీ కాలేదని చెప్పు.

ఏడాదిన్నర! పోస్ట్‌మేన్‌కైనా ఆదివారం సెలవుంటుంది.

సెప్టెంబర్ 6, ఉదయం 6

ఇంత కోపం ఎందుకో నాకు తెలుసు. ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తాను.

నేను ఒకటో క్లాసులో ఉండగా అమ్మకి టీచర్ పోస్టింగ్ వచ్చింది. నాన్న ఆ ఆర్డరు చింపేశాడు. మొగుడు టీచరుగా ఉండగా పెళ్ళానికి ఉద్యోగమేమిటని. అమ్మ ఏడవలేదు, పుట్టింటికి వెళ్ళలేదు. నాన్నతో మాట్లాడటం మానేసింది. నాన్నా మానేశాడు. ముప్ఫై మూడేళ్ళు. జగ్గయ్యపేటలో ఇదే ఇంట్లో, ఒకే వంటింటి కూడు తింటూ. మధ్యలో నేను.

బెంగుళూరులో ఫ్యామిలీ థెరపీ చదివేటప్పుడు అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసేది, గ్యాస్ అయిపోయిందని మీ నాన్నకి చెప్పు అని. ఫోన్ పెట్టేసి నేను మళ్ళీ అదే నంబరుకి చేసేదాన్ని. పక్క కుర్చీలోంచి నాన్న ఎత్తేవాడు. క్లాసులో ఇది చెబితే అందరూ నవ్వారు. జాయిస్ మేడం ఒక్కరే నవ్వలేదు. జబ్బు మనిషిలో వెతక్కు, మనుషుల మధ్య వెతుకు అని ఆవిడ నేర్పిన పాఠంతోనే ఇవాళ్టికీ నా ప్రాక్టీసు నడుస్తోంది.

నాన్నకి బైపాస్ అయ్యాక హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. నేను లేకపోతే హాస్పిటల్లో వాళ్ళిద్దరూ ఎలా మాట్లాడుకుంటారన్నది అసలు కారణం.

సెప్టెంబర్ 9, మంగళవారం

సెషన్ బాగా మొదలైంది. కిషోర్‌బాబు నోరు విప్పాడు. తను కావాలని చెయ్యలేదని ఆవిడకి చెప్పండి అన్నాడు. చెప్పాను. అయితే ఫోనైనా ఎందుకు చెయ్యలేదో అడగండి అంది ఆమని. అడిగాను. ఇలా గంట నడిచింది. ఇంత తొందరగా కదులుతుందనుకోలేదు.

ఉన్నట్టుండి సంయుక్త లేచి, మధ్య కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. చూశారా పొగరు అన్నాడు పెద్దాయన. ఆయన్ని బయటికి పంపేశాను. అసలు చెడగొట్టింది ఈయనే. ఈ ఊళ్ళో పెద్దరికం అంటే అడ్డం రావడమే.

ఇంటికొచ్చేసరికి అమ్మ, పాలవాడు రాలేదని నాన్నకి చెప్పమంది. చెప్పాను.

సెప్టెంబర్ 10

జాయిస్ మేడంకి ఫోన్ చేసి జగన్నాథరావుని పది నిమిషాలు తిట్టాను. అంతా విని ఒక్కటే అడిగారు. ఆ గంటలో భార్యాభర్తలు ఒకరితో ఒకరు ఎన్ని మాటలు ఆడారు?

ఒక్కటీ లేదు.

మరి ఆ మాటలన్నీ ఎవరు మోశారు?

ఫోన్ పెట్టేశాను. ముందు ఆవిడ మీద కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. పిల్ల గోడకి తిరిగింది తాతని చూసి కాదు. నన్ను చూసి. తన పని ఇంకొకరు చేస్తుంటే చూడలేక. ఇరవయ్యేళ్ళ చదువూ సర్టిఫికెట్లూ కట్టగట్టి మున్నేరు ఏట్లో పారెయ్యాలి!

సెప్టెంబర్ 12

జగన్నాథరావు ఫోన్. హాస్టల్లో సీటు ఖాయమైందట. ఇంకొక్కసారి తీసుకురమ్మన్నాను. బతిమాలాను. నా గొంతు వింటే నాకే అసహ్యమేసింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

వరసగా రాస్తాను.

వాళ్ళు రాకముందే మధ్య కుర్చీ తీసి వరండాలో పెట్టేశాను. మూలన చాప వేసి రంగు పెన్సిళ్ళు పెట్టాను. సంయుక్త వచ్చి ఖాళీ చోటు చూసింది, నన్ను చూసింది, వెళ్ళి చాప మీద కూర్చుంది. కిషోర్‌బాబు ఆవిడకి చెప్పండి అని మొదలెట్టాడు. నేను చెప్పను, ఆవిడ అక్కడే ఉందన్నాను. పెద్దాయన లేవబోయాడు. కూర్చోండి అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, కూర్చున్నాడు.

పాప మాట్లాడ్డం మానేసిన రోజు ఏం జరిగిందని అడిగాను. ఆమని చెప్పింది. ఆరోజు ఆమె విసిగిపోయి, అమ్మ వెళ్ళిపోతానంటోందని నాన్నకి చెప్పు అని పిల్లని పొలానికి పంపిందట. పిల్ల తిరిగొచ్చింది, జవాబు చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. బ్యాగు సర్దుకుని రెండు రోజులు ఎదురు చూసిందట. ఈలోగా పిల్లకి మాట పడిపోయింది. దాంతో ఆమని బ్యాగు విప్పేసింది.

కిషోర్‌బాబు మొహం పాలిపోయింది. "పొమ్మను, అన్నానండి" అన్నాడు.

"నా దాకా ఆ మాట రాలేదు" అంది ఆమని.

ముగ్గురూ మూలకి చూశారు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ ఒక్క మాట చేరవేస్తే అమ్మ ఉండదు. చేరవెయ్యకుండా ఉండాలంటే అసలు నోరే తెరవకూడదు. రెండున్నర నెలలు ఆ మాటని నోట్లోనే ఆపి పెట్టింది. దాన్ని జబ్బు అన్నారు వీళ్ళు. నేనూ ఫైల్లో ఏదో పేరు రాశాను.

కిషోర్‌బాబు లేచాడు. నా వైపు చూడలేదు. "ఆమనీ, నువ్వెళ్ళద్దు. మీ అమ్మ పెద్దకర్మకి నేను రావాల్సింది" అన్నాడు.

"ఇప్పుడా చెప్పేది?" అని అరిచింది ఆమని. ఇద్దరూ పోట్లాడుకున్నారు. అరగంట. మొహాలు చూసుకుంటూ. జగన్నాథరావు తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు, ఒక్కసారీ అడ్డం రాలేదు. సంయుక్త పెన్సిలు చెక్కుకుంది. నేను ఒక్క మాట మొయ్యలేదు.

సెప్టెంబర్ 24

ఆమని మెసేజ్. పొద్దున టిఫిన్ దగ్గర సంయుక్త మాట్లాడిందట. చట్నీలో కారం ఎక్కువైందని. తాత హాస్టల్ మాట ఎత్తలేదట. నాకు నమస్కారమైతే చెప్పమన్లేదు. అక్కర్లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

కాఫీ చల్లారిపోతోందని నాన్నకి చెప్పమంది అమ్మ. నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. నేను పేపరు చదువుతూ ఉండిపోయాను. మళ్ళీ చెప్పింది. పలకలేదు. కాఫీ మీద మీగడ కట్టింది.

"దీనికేమైందే, మాట్లాడదు?" అన్నాడు నాన్న.

అమ్మని అడిగాడు.