కార్జంలో నీటితిత్తి

తీతు అన్నా,

ఫోన్ చేస్తే వదిన విని కంగారు పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. నా కడుపునొప్పికి దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగ్ తీశారు. కార్జంలో నిమ్మకాయంత నీటితిత్తి ఉందట.

"మీ ఊర్ల ఇంట్ల గొర్రెలు, కుక్క ఉన్నయా?" అని డాక్టరమ్మ అడిగితే ఉన్నాయన్నాను. గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలున్న కార్జాన్ని మనం కుక్కకే వేస్తాం కదా. దాని కడుపులో పురుగులు పెరుగుతాయట. వాటి గుడ్లు దాని పెంటలో, బొచ్చు మీద ఉండి, మన చేతుల నుంచి నోట్లోకి పోయి, కార్జంలో ఇలా తిత్తులవుతాయట.

తిత్తి లోపల పగిలితే ప్రాణానికే ముప్పన్నారు. శుక్రవారం నాకు ఆపరేషన్.

మీ బ్లెస్సీ కుక్కను పక్కలో వేసుకుని పడుకుంటుంది. మొన్న ఫోన్‌లో "కడుపు నొస్తుందత్తా" అంది. వెంటనే పిల్లను తీసుకురా, స్కానింగ్ తీయిద్దాం. ఇంట్లో మాత్రం నన్ను చూడడానికి వస్తున్నానని చెప్పు.

నీ చెల్లెలు,
మీర్‌పేట్