గట్టు మీద గుర్రం

నాన్నా,

నువ్వు పోయాక మొదటిసారి అమ్మ గుంటూరులో మా కాలేజీకి వచ్చింది, నా ఫొటోల ప్రదర్శన చూడటానికి. మన మిరపచేను ఫొటోని కంప్యూటర్‌లో మార్చి, ఆకాశానికి ఊదారంగు వేసి, గట్టు మీద రెక్కల గుర్రాన్ని నిలబెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం దగ్గరికెళ్లి వెతికింది.

"నువ్వీ ఫొటో తీసిన రోజు ఇక్కడే నిలబడ్డానని మీ నాన్న చెప్పాడు కదే, ఏడీ?"

"ఫొటోలో పడలేదమ్మా" అన్నాను.

నిన్నే తీస్తున్నాననుకుని నవ్వుతూ నిలబడ్డావు నువ్వు. గుర్రం కోసం నేనే నిన్ను చెరిపేశాను.

ఇంటికొచ్చాక సిగ్గు చంపుకుని నిజం చెప్పి, అసలు ఫొటో చూపించాను. అమ్మ తిట్టలేదు. ఫోన్‌లో నీ ముఖాన్ని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"చేలోకి వేసుకెళ్లే చొక్కాతోనే నిలబడ్డాడే! ఫొటో అని ముందే చెప్పకపోయావా? మంచిది వేసుకునేవాడుగా" అంది.