నూటొక్క టెంకాయలు

నవంబరు 23, ప్రొద్దుటూరు

మనవరాలు దీప్తి ఇండియా మహిళల ఫుట్‌బాల్ జట్టులో రెండో గోల్‌కీపర్. నేపాల్‌తో రెండు మ్యాచ్‌లు. సంతోషంలో మా ఇంట్లో వాళ్లకు జరిగినదానికీ జరగనిదానికీ తేడా తెలియడం లేదు. అందుకే రాసి పెడుతున్నాను.

జట్టులో పేరుంటే చాలదు. మైదానంలో అడుగు పెడితేనే క్యాప్, అంటే దేశానికి ఆడినట్టు లెక్క. బెంచీ మీద కూర్చుంటే సున్నా. మా అబ్బాయి పవన్‌కుమార్ అప్పుడే బట్టల కొట్టు ముందు ‘ఇండియాకు ఆడిన మా పాప’ అని ఫ్లెక్సీ కట్టించాడు. ఇంకా ఆడలేదు కదరా అన్నాను. ఆడుతుందిలేమ్మా, ఫ్లెక్సీ ఆఫర్లో వచ్చినాది అన్నాడు. విప్పించాను.

నవంబరు 24

మొదటి మ్యాచ్ అయింది. దీప్తిని దించలేదు. పక్కింటి మసరత్ గోడ మీంచి, ఏంది పెద్దమ్మా, మీ పాప దేశం తరఫున బెంచీకి కాపలా కాస్తాందంటనే అంది. నవ్వు వచ్చింది. నవ్వలేదు.

దీప్తి ఫోన్ చేసింది. కీపర్‌ను ఉత్తినే మార్చరవ్వా, దెబ్బ తగిలితేనే అంది. మొదటి కీపర్ లింతోయ్, మణిపూర్ పిల్ల. గదిలో పక్క మంచం ఆమెదే. దీప్తి గ్లవ్స్ కూడా ఆమే ఆరబెడుతుందట.

నవంబరు 25

అమ్మవారిశాల గుడికి వెళ్లాం. దీప్తి మ్యాచ్‌లోకి దిగితే నూటొక్క టెంకాయలు కొడతానని కోడలు గౌరి పైకే మొక్కుకుంది. బయటికి వచ్చాక, అది దిగాలంటే ఏం జరగాలో తెలుసా అని అడిగాను. అదంతా అమ్మవారు చూసుకుంటాదిలే అత్తా అంది.

ఆమె మొక్కేటప్పుడు నేనూ పక్కనే చేతులు జోడించి ఉన్నాను. ఆపలేదు.

నవంబరు 26

గౌరి మండీలో టెంకాయల ధర అడిగి వచ్చింది.

నవంబరు 27, సాయంత్రం

రెండో మ్యాచ్. రెండో సగంలో లింతోయ్ బంతి కోసం దూకింది. ఇద్దరు ఆమె మీద పడ్డారు. మోకాలు. స్ట్రెచర్ వచ్చింది. టీవీలో దీప్తి గ్లవ్స్ తొడుక్కుంటోంది.

ఇల్లంతా కేకలు. పవన్‌కుమార్ టపాకాయలకు పరుగెత్తాడు. గౌరి దండం పెడుతూ ఏడ్చింది. మ్యాచ్ చూడ్డానికి వచ్చిన మసరత్ ఒక్కతే, ఆ పిల్ల వాళ్లమ్మ కూడా చూస్తాంటాదేమో పెద్దమ్మా అంది.

దీప్తి రెండు బంతులు ఆపింది. క్యాప్ ఒకటి. అది నిజం.

నవంబరు 28

పక్క మంచం ఖాళీగా ఉందని దీప్తి ఫోన్‌లో ఏడ్చింది. టెంకాయల ఆటో వాకిట్లోకి వచ్చింది. తిప్పి పంపాను. మొక్కు తీర్చకపోతే పాపకు కీడు అత్తా అంది గౌరి.

జరగవలసినవి:

1. దీప్తి దగ్గర లింతోయ్ తల్లి నంబరు తీసుకోవాలి.
2. ఫోన్ నేనే చేయాలి. మొక్కు సంగతి దాచకూడదు.
3. లింతోయ్ మళ్లీ గోల్ ముందు నిలబడిన రోజునే టెంకాయలు కొట్టాలి.
4. ఆ రోజు దీప్తి బెంచీ మీద ఉంటుంది. అయినా గౌరి చేత్తోనే కొట్టాలి.