నేను చదివిపెట్టిన ఉత్తరాలు

2002 ఫిబ్రవరి 1, శుక్రవారం. యాన్బు, సౌదీ అరేబియా

నా జన్మ తరించింది ఈ రోజు! జుమ్మా నమాజు చేసి ఇంటికి వచ్చేసరికి చాప మీద మస్తాన్‌బీ పలక పట్టుకుని 'అ' దిద్దుతోంది. పక్కన నా కూతురు నదియా. ఆరు రోజులు ఆసుపత్రిలో నర్సు పని, ఉన్న ఒక్క సెలవు రోజూ పాఠం! కింది ఇంటి మేడమ్ తల్లికి ఇన్సులిన్ సూది వేయడానికి వెళ్లి అడిగిందట — మీ పనిమనిషి మస్తాన్‌బీని వారానికో గంట పైకి పంపండి అని.

రష్యాలో విప్లవ నాయకుడి భార్య, ఆ విప్లవ తల్లి చేసిందీ ఇదే. ఫ్యాక్టరీ కూలీలకు ఆదివారం బడి, జీతం లేకుండా. తర్వాత జైలు, సైబీరియా... ప్రొద్దుటూరులో కుట్టుమిషను మీద పెట్టుకుని ఆమె జీవితకథ కూడబలుక్కుని చదివినవాడిని. నాది అయిదో క్లాసు. ఆమె మీద భక్తితోనే బిడ్డకు ఆమె ముద్దుపేరు నదియా అని పెట్టాను. ఇక్కడందరూ అరబ్బీ పేరనుకుంటారు. అనుకోనీ!

ఫిబ్రవరి 4

మస్తాన్‌బీకి తమ్ముడి ఉత్తరం. ఎప్పటిలా మెట్ల మీద నా చేతికిచ్చింది. ముందు మనసులో చదువుకున్నాను — వాళ్లమ్మ పోయింది. పదిహేను రోజులైందట.

"ఏంది పెద్నాయనా, పలకవు? అమ్మ ఎట్లుండాదంట?"

"బాగుండాదిలే."

నోట్లోంచి వచ్చేసింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర. రెండేళ్లు నిండందే పంపడు. తెలిసి ఏం చేస్తుంది — పరాయి వంటింట్లో ఏడుస్తుంది. మేడమ్ పెట్టె వెదుకుతుందని మస్తాన్‌బీ జాబులన్నీ నా బిస్కట్ల డబ్బాలోనే దాస్తాను. ఇదీ అందులోకే.

మార్చి 1

గుణింతాలు అయిపోయాయి! 'పాలు', 'నీళ్లు' తప్పు లేకుండా రాసింది. చప్పట్లు కొట్టాను. "పసిపిల్లోని మాదిరి ఏంది నాయనా" అని నదియా నవ్వింది.

మార్చి 12

ఇంకో జాబు. నలభయ్యో దినం చేశారట. "అమ్మ నీ కోసం దువా చేస్తాందంట" అని చదివాను. కాగితంలో లేదు ఆ మాట.

జవాబు రాయడమూ నా పనే. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించమని చెప్పింది. అది రాయలేదు. ఇక్కడ ఎండలు మొదలైనాయని రాశాను.

ఏప్రిల్ 5

ఒక పేజీ మొత్తం ఆగకుండా చదివింది! కళ్లనీళ్లు వచ్చాయి నాకు. అంతలో —

"పెద్నాయనా, నా జాబులన్నీ ఇయ్యి. ఇంక నేనే సదూకుంటా."

తాళంచెవి కనపడలేదన్నాను.

"బిస్కట్ల డబ్బాకు తాళమేంది పెద్నాయనా!" పడీపడీ నవ్వింది.

ఏప్రిల్ 6

నదియాకు చెప్పేశాను. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ రష్యా తల్లి ఇట్లనే చేసిందా?"

చేసింది, అన్నాను. పక్షవాతంతో మంచం పట్టిన భర్తకు పేపరు చదివి వినిపించేది. పార్టీ తగాదాల వార్తలకు ఆయన కలవరపడితే అందరూ ఒక్కమాట మీదే ఉన్నారని చెప్పింది. పుస్తకంలో ఉంది.

"ఆయన జబ్బు మనిషి నాయనా. మస్తాన్‌బీకి ఏం జబ్బు? సదువు రాకపోవడమా?"

ఏప్రిల్ 12

ముందు నోటితో చెప్పాలనుకున్నాను. చివరికి డబ్బా ముందు పెట్టాను.

చేతిరాత కదా, వేలు కింద పెట్టి పైకే చదవడం మొదలుపెట్టింది. "అ...మ్మ... పో...యిం...ది." ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తల ఎత్తి నదియాను అడిగింది — "తప్పు సదివినానా అక్కా?"

"లేదు. సరిగ్గానే సదివినావు."

నా వైపు చూడలేదు. చూడనే లేదు.

ఏప్రిల్ 15

పాలతో రాసిన రహస్య ఉత్తరాలను ఆ తల్లి దీపం సెగకు చూపి, కనపడని అక్షరాలను బయటికి రప్పించేదట. నేను కనపడే అక్షరాలను మింగాను. ముప్పయ్యేళ్లు పుస్తకం చదివి ఇదా నేర్చుకున్నది!

ఏప్రిల్ 19

రాలేదు.

ఏప్రిల్ 26

రాలేదు. కింద గిన్నెలు తోమే చప్పుడు వినపడుతూనే ఉంది.

మే 3

వచ్చింది! సలాం చెప్పాను. నన్ను దాటుకుని పోయి చాప మీద కూర్చుని తమ్ముడికి జాబు తనే రాసుకుంది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. కవరు అన్నం మెతుకులతో అంటించి, అంచులన్నీ బొటనవేలితో నొక్కి, నదియాకు ఇచ్చింది.

నదియాకు రేపు డ్యూటీ. "నువ్వే పోస్టులో ఏసిరా నాయనా" అంది.

బల్ల మీద ఉంది. లావుగానే ఉంది, మూడు కాగితాలుంటాయి. నా గురించి ఏం రాసిందో... పైన తమ్ముడి పేరు, ఊరు, జిల్లా — ఎంత గుండ్రంగా రాసిందో అక్షరాలు!