అక్కని ఎవరూ అడగలేదమ్మా

పాలకొల్లు,
ఆదివారం.

అమ్మకి,

నీ వాణి పాదాలకి దణ్ణం పెట్టి రాస్తోంది. ఎలా ఉన్నావు? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? మామ్మ కళ్ళలో చుక్కలు వేయించుకుంటోందా, మండుతున్నాయని మానేసిందా? నేను బాగున్నాను. ఊరికే రాయడం కాదు, నిజంగానే బాగున్నాను. వేళకి తింటున్నాను, కాలేజీకి వెళ్తున్నాను, గొడుగు మర్చిపోకుండా పట్టుకెళ్తున్నాను.

పూర్వం ఉత్తరాల్లో మొదట 'ఉభయకుశలోపరి' అని రాసేవారని మా తెలుగు మేడమ్ చెప్పారు. ఇటు మేము, అటు మీరు క్షేమం, ఆ పైన సంగతులు ఇవీ అని అర్థమట. అంత అర్థాన్ని ఒక్క మాటలో ఎలా సర్దారా అని ఆ రోజంతా దాన్నే చప్పరించుకుంటూ తిరిగాను. కానీ ఈ ఉత్తరంలో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదమ్మా. ఇటువైపు అక్క సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పడానికే రాస్తున్నాను. కంగారు పడకు. అక్క ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని ఇడ్లీ తింటోంది. చివరిదాకా చదివి అప్పుడు కావాలంటే కంగారు పడు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. అక్క అత్తారింట్లో ఫోను మోగితే మావయ్యగారు హాల్లో బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కుతారు. అందరూ చుట్టూ చేరతారు. అక్కడ 'అమ్మా' అని పిలవడం వరకే కుదురుతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటోలు తీసి నీ ఫోనుకి పంపుతున్నాను. పెద్దవి చేసుకుని, నాన్న పొలం నుంచి వచ్చేలోగా ఒక్కదానివే కూర్చుని చదువు. తర్వాత నాన్నకి నువ్వే చెప్పు. నువ్వు చెబితే ఆయన వింటారు.

ముందు నా కబుర్లు రెండు చెప్పేస్తాను, లేకపోతే నేను ఎలా ఉన్నానో రాయలేదని అలుగుతావు. ఇక్కడ ఉక్క అంటే ఉక్క కాదమ్మా. వాన వెలిశాక ఇంకా ఎక్కువవుతుంది. ఉతికిన చున్నీ రెండు రోజులైనా ఆరదు. కాలవ పక్కన మన తెలుగువాళ్ళ క్యాంపులో అయితే చుట్టూ కన్నడం వాళ్ళు మనల్ని 'ఆంధ్రావాళ్ళు' అంటారు కదా. ఇక్కడ నేను 'కర్నాటక అమ్మాయి'ని. మొన్న కాలేజీలో భోజనాల దగ్గర రెండోసారి అన్నం వేయబోతే, 'వద్దు' అనబోయి నోరుజారి 'బేడ, బేడ' అన్నాను. బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఇంటికొచ్చాక మాత్రం ఏడుపొచ్చింది. తాతయ్య ఇక్కడి పొలం అమ్మి తుంగభద్ర కాలవ కిందికి వెళ్ళిపోయాక నాన్న ఎప్పుడైనా ఇలాగే అనుకున్నారా అని అడగాలనిపించింది. ఇప్పుడు స్నేహితులు దొరికారులే. భయపడకు.

ఇంక అక్క సంగతి.

మూడో నెలలో వేవిళ్ళని, గ్యాస్ అని అనుకున్నది అవేవీ కాదని నీకు తెలుసు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. నీకు తెలియనిదేంటంటే, నొప్పి వచ్చింది ఒక్కసారి కాదు. మూడుసార్లు వచ్చింది. మూడోసారి మధ్యాహ్నం భోజనం చేస్తుండగా కంచం దగ్గరే వంగిపోయింది. కుడి పక్కటెముకల కింద మొదలై భుజం దాకా పాకిందట. అత్తయ్యగారు వాము నీళ్ళు తెచ్చేసరికి అక్క మొహం తెల్లగా పాలిపోయింది. బావ వెంటనే కారు తీశారు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. మేము నీకు 'నీరసంగా ఉంటే బాటిల్ పెట్టించాం' అని చెప్పింది ఆ రెండు రోజులే.

ఇంకోటి కూడా చెప్పాలి. నువ్వు బస్సులో పంపిన సున్నుండలు అక్క తినడం లేదు. ఇక్కడ అత్తయ్యగారూ అంతే, కడుపుతో ఉన్న పిల్ల కదా అని ప్రతి ముద్దకీ గరిటెడు నెయ్యి పోసేవారు. నెయ్యీ వేపుళ్ళూ తింటే ఆ పిత్తాశయం సంచి గట్టిగా ముడుచుకుంటుందట. అప్పుడు రాయి దారికి అడ్డం పడి నొప్పి లేస్తుందని డాక్టరమ్మగారు బొమ్మ గీసి చూపించారు. రాళ్ళు అంతకుముందే ఉన్నాయమ్మా, నీ సున్నుండల వల్ల రాలేదు. ఈ ముక్క రెండుసార్లు చదువు. నీ సున్నుండల వల్ల రాలేదు. అవన్నీ నేనూ బావా తినేశాం, చాలా బాగున్నాయి.

ఇప్పుడు అక్క తిండి అంతా ఇడ్లీ, మజ్జిగన్నం, ఉడకబెట్టిన ఆనపకాయ ముక్కలు. ఐదో నెలలో పెరగాల్సిన బరువు పెరగలేదు. డాక్టరమ్మగారు ఏమన్నారంటే, ఆపరేషన్ చేయడానికి ఉన్నవాటిలో మంచి సమయం ఈ మధ్య నెలలే. ఆగితే పొట్ట పెరిగి పని కష్టమవుతుంది. ఈలోగా సంచి వాచినా, రాయి జారి ఇంకోచోట ఇరుక్కున్నా అప్పుడు తొందరమీద చేయాలి, అది తల్లికీ బిడ్డకీ కూడా ఇంకా కష్టం. 'అయితే ఆపరేషన్‌లో భయమేం లేదాండి?' అని బావ అడిగారు. 'లేదని నేను చెప్పను. మత్తుకీ కోతకీ ముందుగానే పురిటినొప్పులు మొదలయ్యే అవకాశం కొంచెం ఉంటుంది. కానీ ఈ అమ్మాయి విషయంలో ఆగడమే ఎక్కువ భయం అనిపిస్తోంది నాకు. మీరంతా మాట్లాడుకుని చెప్పండి' అన్నారు.

మాట్లాడుకోవడం ఎలా జరిగిందో నీకు తెలుసు, అటువైపు నువ్వూ ఉన్నావు కదా. అయినా రాస్తాను, ఎందుకంటే ఇటువైపు నుంచి వింటే ఎలా ఉందో నీకు తెలియాలి.

'బావగారూ, డాక్టరమ్మగారు ఆపరేషనంటున్నారండి. మీరెలా అంటే అలాగేనండి' అన్నారు మావయ్యగారు.

'అబ్బే, నన్నడుగుతారేంటండి? మా అమ్మాయి ఇప్పుడు మీ అమ్మాయి కదండి. మీరేం చేసినా మాకు సమ్మతమేనండి' అన్నారు నాన్న.

'అలా అనకండి. తొలి కాన్పు పుట్టింటిది. మీ మాట లేకుండా కత్తెలా పెట్టిస్తామండి?'

'పెద్దవారు, మీరుండగా మేం చెప్పడమేంటండి. మీ ఇష్టమండి.'

'కాదండి, మీ ఇష్టమేనండి.'

తర్వాత కొబ్బరికాయల ధర, అక్కడి కాలవలో నీళ్ళు, మామ్మ ఆరోగ్యం. ఫోను పెట్టేశాక మావయ్యగారు 'ఎంత మర్యాదస్తులో మీ నాన్నగారు' అన్నారు నాతో. నాన్న కూడా అటు నీతో ఇదే మాట అనే ఉంటారు. మర్నాడు మళ్ళీ ఇదే ఫోను. ఆ మర్నాడూ ఇదే. డాక్టరమ్మగారు రెండుసార్లు కబురు చేశారు. బావ కొబ్బరి యార్డు నుంచి వస్తూనే యూట్యూబ్‌లో ఆపరేషన్లు చూసి, ఇంకా బెదిరిపోయి, అన్నం కూడా సరిగ్గా తినడం మానేశారు. మామ్మ ఒకసారి ఫోను లాక్కుని 'కడుపుతో ఉన్న పిల్లకి కత్తేంట్రా!' అని అరిచింది చూడు, ఆ ఇంట్లో ఈ ఇంట్లో కలిపి తన మనసులో మాట పైకి చెప్పింది మామ్మ ఒక్కతే.

నాకు మాటలంటే ఇష్టమని నీకు తెలుసు. 'సమ్మతం' అన్న మాట ఎంత బరువైనదో అనుకునేదాన్ని. ఆ వారమంతా విన్నాక అది ఎంత ఖాళీగా కూడా ఉండగలదో తెలిసింది.

గురువారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి అక్క పెరట్లో అరుగు మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని రెండు కాయలు ఒలిచి, ఎలా మొదలుపెట్టాలో తెలీక సూటిగానే అడిగేశాను.

'అక్కా, నీకేమనిపిస్తోంది? చేయించుకోవాలనా, వద్దనా?'

'నన్నా?' అంది.

'మరి ఆపరేషన్ నాకా?'

పక్కున నవ్వింది. ఆ నవ్వు అలాగే సాగి ఏడుపైపోయింది. 'ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు అడిగారే వాణీ' అంది. కాయల చేట పక్కకి తోసేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

'నాకు కత్తంటే భయం లేదు. మత్తంటేనే భయం. నేను మెలకువగా ఉన్నంతసేపూ ఏదో ఈ కడుపులోదానికి కాపలా ఉన్నట్టుంటుంది నాకు. నన్ను నిద్రపుచ్చేస్తే అంతసేపూ దీనికెవరున్నారే?'

ఇన్ని మాటలు నేర్చుకుని ఒక్కటీ పనికిరాలేదు. ఊరికే చెయ్యి పట్టుకున్నాను. తనే అంది: 'కానీ నొప్పి వచ్చినప్పుడు నేను ఏ కాపలా ఉన్నాను? బిడ్డ సంగతే గుర్తులేదు నాకు. నొప్పి ఒక్కటే ఉంది. తిండి లేకుండా, ఎప్పుడొస్తుందోనని వణుక్కుంటూ ఇంకో నాలుగు నెలలు నేను మొయ్యలేను. చేయించుకుంటాను.'

'అయితే ఆ మాట లోపలికొచ్చి చెప్పు.'

'నేనెలా చెప్పనే, మావయ్యగారి ముందు?'

'నాకు చెప్పినట్టే.'

చెప్పింది. వడ్డన అయ్యాక, తలుపు పట్టుకుని నిలబడి చెప్పింది. మావయ్యగారు కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. 'అలాగే తల్లీ, కానీ రేపటికి మీ నాన్నగారిని మళ్ళీ ఒకసారి...' అని మొదలుపెట్టారు.

అప్పుడు అత్తయ్యగారు అన్నారమ్మా. ఎప్పుడూ ఆయన మాటకి ఎదురు చెప్పని మనిషి. 'మళ్ళీ ఏం అడుగుతారండీ? ఆయన మీ ఇష్టమంటారు, మీరు ఆయనిష్టమంటారు. పిల్ల తనిష్టం చెప్పింది. ఇంకేం కావాలి?'

మావయ్యగారు కంచంలోకి చూస్తూ అన్నారు: 'భయమే. రేపేదైనా అయితే ఆయన మొహం నేనెలా చూస్తాను?'

నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయింది. నాన్న కూడా ఇదే అనుకుంటున్నారు కదమ్మా? 'మీ ఇష్టం' అనడం మర్యాదే. కానీ లోపల ఉన్నది భయం. అక్క మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే.

మర్నాడు అక్క, బావ, నేను డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఈసారి ప్రశ్నలన్నీ అక్కే అడిగింది. పెద్దగా కోయరట, చిన్న చిన్న రంధ్రాల్లోంచి తీస్తారట. గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా ఎడమవైపుకి కొంచెం వాల్చి పడుకోబెడతారట. ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారట. కాన్పుల డాక్టరు, ఆపరేషన్ డాక్టరు ఇద్దరూ ఉంటారు. 'నేను నిద్రపోయినప్పుడు దీన్నెవరు చూస్తారండి?' అని అక్క సిగ్గుపడకుండా అడిగింది. డాక్టరమ్మగారు నవ్వలేదు. 'మత్తు డాక్టరుగారు నీ తల దగ్గర నుంచి కదలరమ్మా. నేను పక్కనే ఉంటాను' అన్నారు.

ఆపరేషన్ వచ్చే శుక్రవారం, భీమవరంలో. మావయ్యగారు పంచాంగం తిరగేసి, పదిన్నరకి రాహుకాలం వస్తుందని నసిగారు. బావ ఫోను కలిపిస్తే డాక్టరమ్మగారు 'అంతకుముందే మొదలుపెట్టిస్తాన్లెండి, మీరు నిశ్చింతగా ఉండండి' అన్నారు. మావయ్యగారు అప్పటికప్పుడు ఆవిడ ఎంత మంచి డాక్టరో చెప్పడం మొదలుపెట్టారు.

ఇంక నేను అడగాల్సినవి. నాన్నని ఫోను చేయమను. మావయ్యగారికి కాదు, అక్క సెల్లుకి. 'మీ ఇష్టం' అనొద్దను. 'భయంగా ఉందమ్మా' అన్నా పరవాలేదు. ఏదో ఒకటి ఆయన సొంతమాట అనమను. మామ్మకి నువ్వే నెమ్మదిగా చెప్పు, పొట్ట కోయడం లేదని చెప్పు. నువ్వు హోస్పేటలో రైలెక్కితే భీమవరంలో బావ ఎదురొస్తారు. నెయ్యితో చేసినవేమీ తేకు. జొన్నరొట్టెలు తే, ఇక్కడ ఎవరికీ రావు, నాకు బెంగగా ఉంది. అక్కకి నీ పాత నూలు చీరలు మెత్తగా అయిపోయినవి రెండు. నా డిక్షనరీ గూట్లో ఉంది, బరువని వదిలేయకు.

నాన్నకీ మామ్మకీ నా నమస్కారాలు. పక్కింటి పిన్నిగారికి చెప్పు, నేను చిక్కిపోలేదని. నన్నూ అక్కనీ నిండు మనసుతో దీవించు. ఈసారి దీవెనలో ఇంకొకళ్ళని కూడా కలుపుకో.

నీ కూతురు,
వాణి

అమ్మా, ఇది నేను, మాధవిని. వాణి రాసిందంతా చదివాను. ఎక్కువ రాసింది గానీ అబద్ధం రాయలేదు. దానికి కూడా చెప్పని మాట ఒకటుంది. పొద్దున్న వంటింట్లో నిలబడి ఉండగా లోపల కదిలింది. మొదట కాదేమో అనుకున్నాను. మళ్ళీ కదిలింది. ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే చెబుతున్నాను. కదిలాక భయం ఇంకా పెరిగింది. అయినా నా మాట మారలేదు. ధైర్యం చెప్పడానికని రావద్దు. ఊరికే రా.