ఆయ్ అన్న జాకెట్టు

కనకరాజు గారికి,

ముప్పై ఏళ్ళుగా నా జాకెట్లు కుడుతున్నారు కాబట్టి ముందు నమస్కారం. కోపం తర్వాత.

వెనక మెడ లోతుగా, కట్టుకునే దారాలకి ఎర్ర కుచ్చులతో, చేతులు పొట్టిగా కుట్టమని నేనే బొమ్మ గీసి, ఆది జాకెట్టుతో సహా మీ చేతికిచ్చాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. నిన్న వచ్చిన దానికి మెడ మూసేశారు, చేతులు మోచేతుల దాకా దించేశారు, కుచ్చులు లేనే లేవు. వేసుకుని అద్దం ముందు నిలబడితే పోయిన మా అత్తగారు కనబడ్డారు.

షాపుకి ఫోన్ చేస్తే మీ ఆవిడ నిజం చెప్పేశారు. "మీ అబ్బాయిగారు మస్కట్ నించి ఫోన్ చేసేరండి. నాన్నగారు పోయి రెండేళ్ళే అయ్యింది, అమ్మకి పద్ధతిగా కుట్టండన్నారండి." వాడికీ ఆయ్ అన్నారన్నమాట!

మావారు మీ షాపులోనే కూర్చుని, నా చీర అంచుకి కుచ్చుల రంగు కలిపి చూసేవారు. మావాడికి తెలీదు సరే, మీకు తెలుసు కదండీ! పొద్దున్నే ఏ చీర మీదికి ఏ జాకెట్టు అని ఆలోచించే మనిషిని నేను. ఆయన పోయినంత మాత్రాన ఆ మనిషి పోలేదు.

జాకెట్టు తిప్పి పంపుతున్నాను. మెడ కత్తిరించండి, చేతులు తగ్గించండి, కుచ్చులు కట్టండి. గురువారం మురమళ్ళలో పెళ్ళికి అదే వేసుకుంటాను. కుట్టనంటే కుట్టనని నా మొహం మీదే చెప్పండి. ఆయ్ అని మాత్రం అనకండి.

ఇట్లు,
ఆది జాకెట్టు తాలూకు మనిషి