లావణ్యకు కప్పిన శాలువాలు

సిరిసిల్ల,
శుక్రవారం

చిరంజీవి స్వప్నకు, సిరిసిల్ల నుంచి బాపు దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. కోరుట్లలో నువ్వూ అల్లుడూ వర్షా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

మీ మామ నర్సన్న నిన్న తెచ్చిచ్చిన నీ ఉత్తరం చదివాను. అమ్మ చెయ్యి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, వద్దన్నా వినకుండా మళ్లీ బీడీల చాట ముందేసుకుంది. నువ్వు పంపిన పసుపు మంచి రంగుంది. వర్షను సోమవారం జగిత్యాలలో కబడ్డీ ఎంపికలకు పంపనని రాశావు. "నన్నే తీసుకోలేదు, నా బిడ్డను తీసుకుంటరా? నా లెక్క ఏడుసుడు దానికెందుకు?" అన్నావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు లావణ్య సన్మానం సంగతి చెప్పమన్నావు కదా, చెబుతాను. తలుచుకుంటేనే రోత పుడుతోంది.

జాతీయ కబడ్డీ పోటీల్లో బంగారు పతకం గెలిచిన పిల్లను పదింటికి రమ్మని, నాయకులు ఒంటిగంటకు వచ్చారు. మూడు గంటలూ ఆమె మోకాలికి పట్టీ కట్టుకుని ఎండలో నిలబడే ఉంది. వేదిక మీద కుర్చీలన్నీ పెద్దమనుషులవే. బీడీలు చుట్టి ఆమెను పెంచిన బాలవ్వను మెట్ల దగ్గరే ఆపారు. "జరుగవ్వా, ఫోటోకు అడ్డమొస్తున్నవ్" అని ఒకడు కసిరాడు. ఇక శాలువాలు! ఒకరి మీద ఒకరు పడి ఇరవై ఆరు కప్పారు. ఒకటి పట్టుకుని చూశాను. ఇంత నేత ఊళ్లో, మన మగ్గం మీద నేసిన గుడ్డ కూడా కాదు. బయటి నుంచి తెప్పించిన పలచటి సరుకు.

మన వాడ వెంకటి మైకు అందుకున్నాడు. "గీ బిడ్డ మా కండ్ల ముందట పెరిగింది. దేశానికి పేరు తెస్తదని నేను గప్పుడే చెప్పిన" అన్నాడు. ఆ పిల్ల నిక్కరు వేసుకుని పరుగెత్తుతుంటే చాయ్ హోటల్ ముందు కూర్చుని ఈలలు వేసింది వీడే. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఛీ, ఏం మనుషులు!

ఆమె కష్టం వాళ్లకేం తెలుసు? తెల్లవారి నేను మరమగ్గాల షెడ్డు నుంచి ఇంటికి వస్తుంటే, నడుముకు పాత టైరు కట్టుకుని మానేరు ఇసుకలో ఈడ్చేది. ఆ టైరు మీద కూర్చుని "ఇంకా గట్టిగ, లావణ్యా!" అని అరిచేది నువ్వే. తర్వాత నీ వంతు. చర్మం లేచిన మోకాళ్లకు పసుపు అద్దుకుని ఇద్దరూ సాయంత్రం మళ్లీ కూతకు దిగేవారు. అంత ఇష్టంతో ఒళ్లు అరగదీసుకున్న పిల్లలను నేను మరెక్కడా చూడలేదు.

చివరకు నేతన్నల సంఘం తరపున నన్నూ పిలిచారు. నేనూ పోయాను, నేనూ కప్పాను. లావణ్య నన్ను గుర్తుపట్టి, "కాకా, స్వప్న ఎట్లున్నది? నాకంటె అదే మంచిగ ఆడుతుండె. గప్పుడు రానని ఎందుకన్నది?" అని అడిగింది.

"దానికి ఆట మీద మనసు లేకుండె బిడ్డా" అన్నాను.

ఆ మాట అని వేదిక దిగొచ్చాను. వెంకటికీ నాకూ తేడా ఏముంది? వాడు ఈలలే వేశాడు.

ఇక దాచను స్వప్నా. పద్నాలుగేళ్ల కింద మీరిద్దరూ కరీంనగర్‌లో క్రీడల హాస్టల్ ఎంపికలకు వెళ్లొచ్చారు. జాబితాలో నీ పేరు లేదని నీకు చెప్పాను. ఉంది. పీటీ సార్ నా ఫోనుకే చేసి, "మీ స్వప్నదే మొదటి పేరు, తర్వాతనే లావణ్య" అన్నాడు. "మా పిల్లకు ఇష్టం లేదు సార్" అని పెట్టేశాను. నువ్వు పోతే మగ్గాలకు నూలు కండెలు ఎవరు చుడతారు? నీ కండెల మీదే నా నాలుగు మగ్గాలు ఆగకుండా ఆడేవి. లావణ్య హాస్టల్‌కు పోయేదాకా, మీరు ఎదురుపడకుండా నిన్ను రుద్రంగిలో అమ్మమ్మ దగ్గర ఉంచాను. తిరిగొచ్చాక నువ్వు కండెలు చుడుతూ ఏడిస్తే, చూడనట్టే ఉన్నాను. చెప్పకుండా పోయిందని నువ్వు లావణ్యతో మాటే మానేశావు.

నిన్న పొద్దున బాలవ్వ ఇంటికి పోయి లావణ్యకు అంతా చెప్పాను. ఆమె "నాకు చెప్తే ఏమొస్తది కాకా? దానికి చెప్పుండ్రి" అని లోపలికి పోయింది. ఫోనులో నీకు చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే రాసి, రేపు కోరుట్లకు తిరిగి వస్తున్న నర్సన్న చేతికే ఇస్తున్నాను.

నీ పద్నాలుగేళ్లు నేను తెచ్చివ్వలేను. నాతో మాట్లాడకపోయినా నేను అడగను. సోమవారం వర్షను జగిత్యాల తీసుకుపో. సార్లకు నీ నంబరే ఇవ్వు. వాళ్లు ఏం చెప్పినా నీ చెవులతో నువ్వే విను.

ఇట్లు,
మన్నించమని అడిగే ముఖం లేని
నీ బాపు